లెక్కపెట్టని నలభై మూడు కాగితాలు

కాగితాలు లెక్కపెట్టడం నాకు చాచా నేర్పాడు. ఆఫీసులో అందరూ చాచా అనే పిలిచే ఆయన, తార్నాకలో మా రికార్డుల ఆఫీసుకు దఫ్తరీ, అంటే పాత కాగితాలను కుట్టి, అట్టలు కట్టి, వాటి మంచీచెడూ చూసుకునే ఉద్యోగి. నేను చేరిన మొదటి వారంలోనే ఎర్రగుడ్డలో చుట్టిన కాగితాల మూట ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. అలాంటి మూటను మా దగ్గర బస్తా అంటారు.

"ఇచ్చేటప్పుడు లెక్కపెట్టు, తీసుకునేటప్పుడు లెక్కపెట్టు. సదువుకోనీకి వచ్చినోని ముంగటనే లెక్కపెట్టు. వాడు నవాబైనా సరే, నీ మేనమామైనా సరే," అన్నాడు.

ఉర్దూ చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దబ్బనంతో కుట్టడమూ అంతే. కానీ నాది ఎడమచేతి వాటం. ఎంత చెప్పినా దారం ముడి ఆయనలాగా కాగితాల మీది వైపున వేయడం నాకు చేతకాలేదు. నా ముడి ఎప్పుడూ వెనకవైపుకు, కింది మూలకు పోయేది. నెల రోజులు తిట్టి తిట్టి, "పోనీ తీ, నీ ముడి నీది. ఎనక తిప్పి ఎవడు సూస్తడు?" అని వదిలేశాడు. ఆ ముడి వల్లే ఒక రోజు నా కడుపు మండుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

చాచా రిటైరయ్యాడు. తర్వాత కొన్నాళ్ళకు పోయాడు. ఆయన కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఆ తర్వాత టైపిస్టు, ఇద్దరు అటెండర్లు, ఒక ఫార్సీ పండితుడు వరుసగా వెళ్ళిపోయారు. మా అంతస్తులో నేను, ర్యాకులు, పావురాలు మిగిలాం. పావురాలు నయం, పలకరించకపోయినా చప్పుడైనా చేస్తాయి.

నాకు పెళ్ళి కుదరలేదు. కుదరలేదని మా వాళ్ళు ఏడ్చినంత నేను ఏడవలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోటి సంగతి నాకు తెలుసు. లాలాపేట్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉంటాను. ఆదివారం మెట్టుగూడలో చర్చికి వెళ్తే "వందనాలు" అంటారు, నేనూ "వందనాలు" అంటాను. అంతటితో ఆ వారానికి నా మాటలు అయిపోయేవి. కొన్ని సోమవారాలు పొద్దున ఆఫీసులో నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది, వాడక.

అలాంటి రోజుల్లో మేడం వచ్చారు.

ఆమె పక్కనే ఉన్న క్యాంపస్‌లో చరిత్ర పాఠం చెప్పి రిటైరైన మనిషి. నాకంటే పదమూడేళ్ళు పెద్ద. ఆమె కూడా ఒంటరే. క్యాంపస్‌ వెనక గేటు అవతల సందులో ఒక పాత ఇంటి కింది వాటాలో ఉండేవారు. పూర్వం పల్లెల నుంచి సర్కారుకు జనం పెట్టుకున్న అర్జీల మీద ఏదో పుస్తకం రాస్తున్నానని, రోజూ పదిన్నరకల్లా వచ్చి చదువుకునే గదిలో కిటికీ పక్క కూర్చునేవారు. ఆ పుస్తకం ఎప్పటికీ పూర్తయ్యేది కాదని నాకు రెండో ఏడే అర్థమైంది. పూర్తి కాకూడదనే నేను కోరుకున్నాను.

వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, నేను గోడవైపు తిరిగి డబ్బా తెరుస్తుంటే వెనక నుంచి అడిగారు.

"ఒక్కదానివే తింటున్నవా చెల్లె? నేను గూడ ఒక్కదాన్నే. బయట బాదం చెట్టు కింద తిందాం రా."

పదకొండేళ్ళు ఆ చెట్టు కింద కలిసి తిన్నాం. ఆమెది పచ్చిపులుసు, నాది ఎక్కువగా గుడ్డు కూర. ఆమె నా కూర ముట్టేవారు కాదు, వాసన మాత్రం బాగుందనేవారు. నేను ఆఫీసు మీద, ఇంటి ఓనరు మీద, చర్చిలో ముందు వరసలో కూర్చునే ఆడవాళ్ళ మీద చెప్పే చాడీలన్నీ విని, "నీ నోట్ల శని ఉన్నది చెల్లె" అని నవ్వేవారు. సెలవు రోజుల్లో పొద్దున్నే ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగేవారు. ఆ ఒక్క మాట కోసం నేను ఎనిమిది నుంచే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. ఈ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇక నేను చేసిన తప్పు. మేడం బస్తా తిరిగి ఇచ్చేటప్పుడు నేను కాగితాలు లెక్కపెట్టేదాన్ని కాదు. మొదటి రోజు లెక్కపెట్టబోయాను. నా వేలు మొదటి కాగితం మీద ఉండగానే ఆమె వైపు చూశాను. అంత పెద్దమనిషి, ఎంతమందికో పాఠం చెప్పిన మనిషి, నా ముందు నిలబడి ఉంది. లెక్కపెట్టడమంటే మొహం మీదే దొంగ అన్నట్టు తోచింది. "పర్వాలేదు మేడం, మీరు వెళ్ళండి" అని గుడ్డ చుట్టేశాను. ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయారు. రిజిస్టరులో 'సరిచూచి తీసుకోవడమైనది' అన్న చోట నా సంతకం పదకొండేళ్ళు అలా పడుతూనే ఉంది.

మూడేళ్ళ కిందటి వానాకాలంలో, రికార్డులుండే గదిలో రెండో వరుస ర్యాకుల మీద స్లాబు కారడం మొదలైంది. నేను పైకి కాగితం రాశాను. జవాబు రాకపోతే మళ్ళీ రాశాను. బకెట్లు పెట్టాను. ఒకరోజు చెట్టు కింద అన్నం సహించక డబ్బా మూసేశాను.

"ఏమైందే? మొఖం అట్లున్నది?"

"గా రెండో వరుస గీ వానలకు ఆగది మేడం. నేను పోయి పోయి సూస్తనే ఉన్న, ఎవడు పట్టించుకుంటలేడు. అర్జీల బస్తాలల్ల దారాలు గూడ కుళ్ళినయి, కాగితాలు ఊడిపోయి ఉన్నయి," అన్నాను.

మర్నాడు ఆమె ఒక దబ్బనం, దారం ఉండ తెచ్చుకుని, "నీ కుట్టు నాకు గూడ నేర్పు" అన్నారు. బుద్ధి పుట్టిందేమో, నాకు సాయం చేస్తారనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని పాత న్యూస్‌పేపర్ మీద నేర్పాను. ఆమె నా చేతులు చూస్తూ నేర్చుకున్నారు కాబట్టి ముడి నాలాగే వెనకవైపు, కింది మూలన వేశారు. "గురువుకు తగ్గ శిష్యురాలు" అని వేళాకోళం చేశాను కూడా.

ఈ ఏడాది ఎండాకాలంలో మేడం మోకాలికి ఆపరేషన్ అయింది. ఆమె రావడం ఆగింది. ఆ నెలలోనే కాకా వచ్చాడు.

పేరు రాయను. రెండు బస్సులు మారి వచ్చే దూరపు ఊరి రైతు, డెబ్బై దాటిన మనిషి. నేను కాకా అనే పిలిచాను. వాళ్ళ పొలంలో బావి ఎవరిదన్న దానిపై పాలివాళ్ళతో కోర్టులో గొడవ నడుస్తోంది. ఆ బావి తవ్వుకున్నది తానేనని వాళ్ళ తాత ఆ రోజుల్లో సర్కారుకు అర్జీ పెట్టుకున్నాడట. ఆ అర్జీకి మా ఆఫీసు ముద్రతో నకలు కావాలని వచ్చాడు.

"మా తాత ఏలిముద్ర గాడ ఉన్నదంట బిడ్డా. గదొక్కటి సూపిస్తె సాలు," అన్నాడు.

జాబితా ప్రకారం బస్తా తీశాను. అర్జీలు ఉండాల్సిన చోట నలభై మూడు కాగితాలు లేవు. కింద పడ్డాయేమోనని చూశాను. పక్క బస్తాలు విప్పాను. రెండో వరుసలో తడిసి అట్టకట్టిన ముద్దల్ని కూడా విడదీసి చూశాను. కాకా మూడోసారి వచ్చిన రోజు, చేసేదిలేక నా చేత్తోనే టైపు చేసి ఇచ్చాను: 'సదరు అర్జీ ఈ కార్యాలయ రికార్డులలో లభ్యము కాలేదు.'

"అంటే ఏంది బిడ్డా?"

"లేదని కాకా."

"మొదటికే లేదా, ఉండి పోయిందా?"

నేను ముద్ర ప్యాడుకు మూత పెట్టాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మెట్రో పిల్లర్ల పక్కన బస్‌స్టాపు వైపు నడిచిపోయాడు. కోర్టు వాయిదా ఇంకో రెండు నెలల్లో ఉందని అంతకుముందే చెప్పాడు.

విషయం మా ఆఫీసరుకు చెప్పాను. ఆయన కొత్తగా వచ్చినవాడు, చెడ్డవాడు కాదు, రూలు మనిషి. రిజిస్టరు తెప్పించి చూశాడు. ఆ బస్తా తీసుకున్నవాళ్ళ వరుసలో పైనుంచి కిందిదాకా ఒకటే సంతకం, మేడంది. సరిచూసి తీసుకున్నవాళ్ళ వరుసలో పైనుంచి కిందిదాకా నాది. సాయంత్రానికి నా పేరు మీద మెమో వచ్చింది. నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళే ఉంది. మొహమాటానికి పోతే కడుపైందని మన సామెత, నాకు మెమో వచ్చింది.

అప్పుడైనా నేను మేడంను అనుమానించలేదు. నిజం చెప్పాలంటే అనుమానించడానికి భయపడ్డాను. చెదలన్నాను, పావురాలన్నాను, ఎప్పుడో వెళ్ళిపోయిన అటెండర్లన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టదలచుకోని దాన్ని నేనే అక్కడ కూర్చుని ఉంటే ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు?

ఒక శనివారం మధ్యాహ్నం మేడంకు ఇష్టమని బీరకాయ పచ్చడి చేసుకుని బయల్దేరాను. క్యాంపస్‌లోంచి నడిచాను. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడపడితే అక్కడ పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, అయినా పక్కపక్కనే కూర్చుంటారు. నాకెందుకో వాళ్ళ మీద ఈర్ష్య కలిగింది.

మేడం మంచం మీద ఉన్నారు. నన్ను చూసి మొహం వెలిగింది. "అల్మారల వేడినీళ్ళ సంచి ఉన్నది, జర తీసిస్తవా చెల్లె?" అన్నారు. మందుల మత్తో, మరుపో, నేనంటే నమ్మకమో, ఆ అల్మారాలో ఇంకేముందో ఆమెకు ఆ క్షణాన గుర్తులేదు.

కింది అరలో, ఉతికిన పాత నూలు చీర ముక్కలో చుట్టి ఉన్నాయి. గుడ్డ కొంచెం తొలగి ఉంది. నేను సంచి లాగితే ఎండిన వేపాకులు రాలి, ఆ గుడ్డ పూర్తిగా జారింది. కాగితాల వెనకవైపు, కింది మూలన నా ముడి కనిపించింది. ఆ ముడి వేయడం ఈ లోకంలో ఇద్దరికే వచ్చు.

వాటిని తెచ్చి మంచం మీద పెట్టాను. ఒక్క మరక లేదు, ఒక్క మూల నలగలేదు. మా ఆఫీసులో ఏ బస్తా అంత పొడిగా, అంత శుభ్రంగా లేదు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

"ఎందుకు మేడం?"

ఆమె కాగితాల మీద చెయ్యి పెట్టి అన్నారు. "నువ్వే చెప్పినవ్ కదా చెల్లె, గీ వానలకు ఆగయని. రోజుకు రెండు మూడు ఫైల్ల పెట్టుకొని తెచ్చిన. గా వరుసల మిగిలినయి ఏమైనయి? నువ్వే చెప్పు. ముద్ద కాలేదా?"

నిజమే, ముద్దయ్యాయి.

"నాకొక్క మాట చెప్పొచ్చు గదా?"

"చెప్తే నువ్వు తేనిస్తవా?"

అదీ నిజమే. ఆ తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వే పట్టుకపో. ర్యాకు ఎనక దొరికినయని రాయి. నీ మెమో పోతది, నా ఇజ్జత్ మిగుల్తది. ఎవరికి తెలుస్తది?"

ఆ రోజు నేను కాగితాలు అక్కడే ఉంచి వచ్చేశాను. పచ్చడి డబ్బా కూడా మర్చిపోయాను. క్యాంపస్‌లో ఒక సిమెంటు బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చున్నాను. ఆమె చెప్పినట్టే చేయాలనిపించింది. ఒక్క అబద్ధంతో నా పెన్షన్, ఆమె పరువు, మా బాదం చెట్టు, అన్నీ మిగులుతాయి. నాకు ఈ ఊళ్ళో ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషిని నా చేతులతో నేనే పోగొట్టుకోవాలా అని గట్టిగా ఏడ్చాను. పక్క బెంచీ మీది పిల్ల పుస్తకంలోంచి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

కానీ చాచా మాట ఒకటి వెంటాడింది. బయటికి వెళ్ళి వచ్చిన కాగితం ఎవరి దగ్గర ఉండి వచ్చిందో రాయాలనేవాడు. "రాయకపోతే అది కాగితమే. రికార్డు కాదు," అనేవాడు. కాకా నకలు పట్టుకుని కోర్టులో నిలబడతాడు. అవతలి వకీలు లేచి, ఇన్నేళ్ళు ఈ కాగితం ఎక్కడుంది, లేదని రాసిచ్చిన ఆఫీసే ఇప్పుడు ఉందని ఎలా ఇచ్చింది అని అడుగుతాడు. ర్యాకు వెనక దొరికిందన్న అబద్ధం మీద ఆ వేలిముద్ర ఎంతసేపు నిలుస్తుంది? మొదటికే లేదా, ఉండి పోయిందా అని ఆయన నన్ను అడిగాడు. ఈసారైనా జవాబు చెప్పాలి.

మర్నాడు చర్చికి వెళ్ళలేదు. పొద్దున్నే మళ్ళీ మేడం ఇంటికి వెళ్ళి, ఆమే స్వయంగా తెచ్చి, రాసి, సంతకం పెట్టి అప్పగించాలని చెప్పాను.

"నన్ను దొంగను చేస్తున్నవా చెల్లె?"

"మీరు ఎందుకు తెచ్చిండ్రో గూడ రాయుండ్రి మేడం. స్లాబు కారింది రాయుండ్రి. నేను లెక్కపెట్టలేదని గూడ రాయుండ్రి. కానీ మీ ఇంట్ల ఉన్నయని రాయాలె."

ఆమె గోడవైపు తిరిగిపోయారు. ఆ తర్వాత "తిన్నవా?" అని ఫోన్ రాలేదు.

బుధవారం ఆటోలో వచ్చారు. చేతికర్ర పట్టుకుని, చంకలో ఆ చీర గుడ్డ మూటతో. రాసుకొచ్చిన కాగితంలో ఒక్క అక్షరం దాచలేదు. ఆఫీసరు చదివి, నా వైపు తిరిగి, "ఆవిడ ముందే లెక్కపెట్టండి" అన్నాడు.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె ముందు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పైకి, స్పష్టంగా. ప్రతి కాగితం తిప్పి, నంబరు చూసి. ఆమె నా ఎదుట కుర్చీలో కూర్చుని నా వేలివైపే చూస్తున్నారు. పంతొమ్మిదో కాగితం దగ్గర కాకా తాత వేలిముద్ర కనిపించింది. ఆగి, మంచినీళ్ళు తాగి, ఇరవై అన్నాను. నలభై మూడు దగ్గర ఆపి సంతకం చేశాను.

కేసు పెట్టలేదు. తనంతట తాను అప్పగించారు కాబట్టి వదిలేస్తున్నామని, ఇకపై చదువుకునే గదిలోకి అనుమతి ఉండదని ఆఫీసరు మర్యాదగానే చెప్పాడు. నా మెమోకు నేను రాసిన జవాబు మాత్రం తిప్పి పంపాడు. 'మొహమాటం వల్ల లెక్కపెట్టలేదు' అని రాశాను. మొహమాటం కారణం కింద చెల్లదట. 'నిర్లక్ష్యం వల్ల' అని మార్చి రాసి, ఒక ఇంక్రిమెంటు పోగొట్టుకున్నాను.

ఆ రోజు మేడంను ఆటో దాకా నడిపించాను. బాదం చెట్టు దాటేటప్పుడు ఇద్దరం అటు చూడలేదు. ఆటోలో కూర్చుని, కర్ర సర్దుకుని, అన్నారు:

"మొదటి దినమే గిట్ల లెక్కపెట్టి ఉంటే, ఒక్క కాగితం తీసే ధైర్యం గూడ నాకు వచ్చేది కాదు చెల్లె."

కోపంగా అనలేదు. ఇన్నేళ్ళూ అన్నం తింటూ మాట్లాడినట్టే అన్నారు. ఆటో సిగ్నల్ దాటి వెళ్ళేదాకా నిలబడ్డాను. ఆమె మీద గౌరవమనుకుని చేసిన పనే ఆమెకు గొయ్యి తవ్వింది. అది తెలుసుకోవడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

వాయిదాకు వారం ముందు కాకా వచ్చాడు. నకలుతో పాటు, ఆ అర్జీ ఎవరి దగ్గర ఉండి, ఎలా తిరిగొచ్చిందో రాసిన కాగితం కూడా ఇచ్చాను. అసలు కాగితం బల్ల మీద పెట్టి చూపించాను. ఆయన వేలిముద్ర మీద చెయ్యి పెట్టబోయి, ముట్టుకోవచ్చా అన్నట్టు నా వైపు చూశాడు. వద్దనలేకపోయాను. వెళ్ళేముందు తువ్వాలలోంచి రెండు సీతాఫలాలు తీసి బల్ల మీద పెట్టాడు.

రెండూ ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అలవాటుకొద్దీ ఒకటి మేడంకని విడిగా పేపర్లో చుట్టి సొరుగులో పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది. అయినా తీయలేదు. ఫోన్ చేద్దామని రెండుసార్లు పేరు దాకా వెళ్ళి ఆగాను. మూడో రోజు సొరుగు తెరిస్తే గదంతా వాసన. మధ్యాహ్నం బాదం చెట్టు కింద కూర్చుని రెండూ నేనే తిన్నాను.